ఒక రాష్ట్రంలో హోదా, ఇంకో రాష్ట్రంలో వార్‌రూమ్

2023 శాసనసభ ఎన్నికలకు కొన్ని నెలల ముందు, హన్మకొండలో మా వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టు అరుగు మీద ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రవాడు కూర్చునేవాడు. సరుకులకు వచ్చిన వాళ్లనల్లా ఆపి ప్రశ్నలు అడిగేవాడు. మా పక్కింటి అవ్వను కూడా ఆపి, “ఈ సర్కారు మీద కోపముందా అవ్వా?” అని అడిగాడు. “కోపముంటె ఏం జేస్త బిడ్డా? నా పింఛన్ నువ్విప్పిస్తవా?” అంది ఆమె. అతను నవ్వి, తెర మీద ఏదో ఒక గడి నొక్కాడు. అదేమిటో చూడాలని తొంగిచూశాను గానీ కనిపించలేదు. ఎవరి తరఫున వచ్చావు బాబూ అంటే, “సర్వే సార్” అని ఊరుకున్నాడు.

ఇలా పార్టీలకు సర్వేలు చేసిపెట్టి ప్రచారం నడిపే ఎన్నికల కన్సల్టెంట్లంటే నాకు పడదని ఎవరూ అనుకోవద్దు. చుట్టూ చేరిన నలుగురి భజన విని టికెట్లు పంచే నాయకుడికంటే, డబ్బు పెట్టి జనం మాట తెప్పించుకునే నాయకుడు ఎంతో నయం. నా అభ్యంతరమంతా ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి మొదలయ్యే రెండో అంకం గురించే, అంటే ఆ కన్సల్టెంటే ప్రభుత్వంలో సలహాదారుగా కూర్చోవడం గురించే.

ఆ అంకానికి దారి వేసింది ప్రశాంత్ కిశోర్. 2014లో మోదీ ప్రచారం, 2015లో బీహార్‌లో నితీశ్ కుమార్ ప్రచారం నడిపి, 2016 జనవరిలో అక్కడి ముఖ్యమంత్రికి కేబినెట్ హోదాతో సలహాదారు అయ్యారు. అంతవరకు బాగానే ఉంది. అయితే పాట్నాలో ఆ హోదా ఉండగానే, 2017 ఎన్నికల కోసం పంజాబ్, ఉత్తరప్రదేశ్‌లలో కాంగ్రెస్ పని చేపట్టారు. 2021 మార్చిలో పంజాబ్ ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ ఆయన్ను ప్రధాన సలహాదారుగా నియమించినప్పుడు కూడా ఇదే జరిగింది. అప్పుడు ఆయన ధ్యాసంతా బెంగాల్, తమిళనాడు ఎన్నికల మీద ఉందని దేశమంతటికీ తెలుసు. గౌరవ వేతనం ఒక్క రూపాయేనని గొప్పగా చెప్పారు. హోదాతో పాటు వచ్చే వసతికీ సిబ్బందికీ అయ్యే ఖర్చు మాత్రం ఆ రూపాయిలోకి రాదు కదా! ఆగస్టులో ఆయన రాజీనామా చేశారు. ఆ ఐదు నెలల్లో పంజాబ్ ప్రభుత్వానికి ఏం సలహా ఇచ్చారో పంజాబ్ ఓటరుకు ఎవరూ చెప్పలేదు.

మన రాష్ట్రానికి దగ్గరి ఉదాహరణ సునీల్ కనుగోలుది. 2023 మేలో కర్ణాటకలో కాంగ్రెస్ గెలిచింది, జూన్ మొదట్లోనే ఆయన సిద్ధరామయ్యకు కేబినెట్ హోదాతో ముఖ్య సలహాదారు అయ్యారు. అదే ఏడాది నవంబరులో తెలంగాణ ఎన్నికలు జరిగితే ఇక్కడ కాంగ్రెస్ వ్యూహకర్త కూడా ఆయనే. అంతకుముందు ఏడాది డిసెంబరులో మాదాపూర్‌లోని ఆయన కార్యాలయం మీద పోలీసులు దాడి చేసినప్పుడు అది దౌర్జన్యమని అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కానీ అక్కడ మంత్రితో సమానమైన హోదాలో ఉన్న మనిషి ఇక్కడ ఒక పార్టీ కోసం ఓట్ల లెక్కలు వేయవచ్చా అన్న ప్రశ్న వేరు. ఆ ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు. అడగవలసిన పార్టీలన్నిటికీ తలా ఒక కన్సల్టెంటు ఉన్నాడు మరి.

కళాశాలలో చాలా ఏళ్లు రాజనీతి శాస్త్రం చెప్పినవాణ్ని కాబట్టి ఇక్కడ కాస్త పాఠం తప్పదు. మంత్రి రెండు ప్రమాణాలు చేస్తాడు, ఒకటి పదవికి, రెండోది గోప్యతకు. సలహాదారు ఏదీ చేయడు. మంత్రుల సంఖ్య శాసనసభలో 15 శాతం దాటకూడదని 2003లో 91వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. 119 స్థానాలున్న మనకు ముఖ్యమంత్రితో కలిపి 18 మంది. సలహాదారుల హోదా ఈ లెక్కలోకి రాదు. 2014 చివర ఆరుగురు ఎమ్మెల్యేలను మంత్రులకు సాయంగా పార్లమెంటరీ కార్యదర్శులుగా నియమిస్తే, వారిలో మా వరంగల్ పశ్చిమ ఎమ్మెల్యే కూడా ఉన్నారు, 2015లో హైకోర్టు ఆ నియామకాలకు అడ్డుకట్ట వేసింది. ఓట్లతో గెలిచి, సభలో నిలదీయడానికి అందుబాటులో ఉండే మనుషులకు దొరకని వెసులుబాటు, ఎక్కడా పోటీ చేయని వాళ్లకు దొరుకుతోంది.

బ్రిటన్‌లో ఇటువంటి సలహాదారులకు ప్రవర్తనా నియమావళి ఉండాలని, వాళ్ల సంఖ్యనూ ఖర్చునూ ఏటా పార్లమెంటు ముందు పెట్టాలని 2010లో చట్టమే చేశారు. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలన్న) ప్రచారం నడిపి, తర్వాత ప్రధాని బోరిస్ జాన్సన్‌కు ముఖ్య సలహాదారు అయిన డొమినిక్ కమింగ్స్, లాక్‌డౌన్‌లో కారులో దూర ప్రయాణం చేసినందుకు 2020 మేలో ప్రధాని కార్యాలయం తోటలో బల్ల వేసుకుని కూర్చుని విలేకరులకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆ జవాబు ఎవరికీ నచ్చకపోవచ్చు, అది తర్వాతి సంగతి. మన దగ్గర ఆ బల్ల ఎక్కడుంది?

ఇంతకంటే నన్ను వేధించేది కాగితాల సంగతి. 2023 డిసెంబరు 28 నుంచి జనవరి 6 వరకు రాష్ట్ర ప్రభుత్వం పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు మా వార్డులో కూర్చుని చాలామందికి ఫారాలు నింపిపెట్టాను. ఆధార్, ఫోన్ నంబరు, గ్యాస్ కనెక్షన్, నెలకు ఎన్ని యూనిట్ల కరెంటు, అన్నీ అందులో రాయాలి. రాష్ట్రమంతటా కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. అందులోంచి ఒక్క కాగితమైనా ఏ పార్టీ చేతికో పోయిందని నేను అనడం లేదు. అయితే ఏ రాష్ట్రంలోనైనా సరే, నిన్న పార్టీ కోసం ఇల్లిల్లూ సర్వే చేయించిన మనిషి నేడు ప్రభుత్వంలో కూర్చుని, రేపు మళ్లీ పార్టీ పనికి వెళ్లిపోతుంటే, ఈ రెండు రకాల సమాచారానికీ మధ్య గోడ ఉందని ఎవరు హామీ ఇస్తారు? పదవీ విరమణ చేసిన ఐఏఎస్ అధికారి ప్రైవేటు ఉద్యోగంలో చేరాలంటే ఏడాది ఆగాలి, లేదా అనుమతి తెచ్చుకోవాలి. ఈ సలహాదారుకు ఒక్క రోజు విరామం కూడా అక్కర్లేదు.

ఆ రోజు అవ్వ ఫారం నింపినవాణ్ని నేనే. పింఛన్ల పథకం చేయూత గడి దగ్గర వేలిముద్ర వేసి, రసీదు ముక్కను కొంగున ముడేసుకుంది. మొన్న ఎదురుపడితే పింఛన్ సంగతి అడిగాను. “వస్తదన్నరు సారూ” అని, కాసేపాగి, “ఆ పలక పట్టుకొని తిరిగిన పిలగాడు సర్కారోడే గద? వాన్నొకపారి అడిగి చూడరాదు” అంది.