మహారాజశ్రీ ఫీజు రీయింబర్స్‌మెంట్ గారికి

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా సర్టిఫికెట్లు కూడా కాలేజీ బీరువాలో క్షేమంగానే ఉన్నాయి. మీ క్షేమసమాచారాలే తెలియడం లేదు. పైసలిస్తామన్న చీటీ, అదే టోకెన్, ఇచ్చేశామని మా తెలంగాణ సర్కారు అంటుంది. టోకెన్ వచ్చింది గానీ పైసలు రాలేదని కాలేజీ అంటుంది. ఆ రెండింటి మధ్య మీరు ఎక్కడ ఆగారో మరి!

మిమ్మల్ని తక్కువ చేయడం లేదు. వైఎస్ హయాంలో మీరు రాకపోతే మా వాడకట్టులో సగంమంది ఇంటర్‌తోనే పుస్తకాలు అటకెక్కించేవాళ్లు. కాకపోతే మీ కరుణకు మేం పేదలమని రుజువు చేసుకోవాలి కదా, ఆ లెక్కే తమాషాగా ఉంటుంది.

మేం బీసీలం. పల్లెలో ఉంటే ఇంటి ఆదాయం ఏడాదికి లక్షన్నర దాటకూడదన్నారు. రోజుకు 500 కూలి, నెలకు 25 రోజుల పని వేసుకోండి. ఏడాదికి సరిగ్గా 1,50,000. అంటే మా నాన్న పేదవాడే. ఇరవై ఆరో రోజు కూడా పనికి పోయాడా, షావుకారు అయిపోయినట్టే! అదే మనిషి పట్నానికి మకాం మారిస్తే పరిమితి 2 లక్షలు కాబట్టి మళ్లీ పేదవాడు. బస్సెక్కి దిగేలోగా మనిషి అంతస్తు మార్చే విద్య మీ దగ్గరే చూశాను.

ఇక మీసేవ. పదో తరగతి మెమోలో నా పేరు చివర ఒక ఇంగ్లిష్ అక్షరం ఎక్కువ, ఆధార్‌లో తక్కువ. కౌంటర్ దగ్గరి అన్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "వీడు వేరే, వాడు వేరే తమ్మీ" అన్నాడు. కన్నతల్లి పక్కనే నిలబడి వీడు నా కొడుకే అంటున్నా సిస్టమ్ ఒప్పుకోదే! ఆధార్ మార్పించి, మళ్లీ లైన్లో నిలబడి, వేలిముద్ర వేసి బయటపడ్డాం.

ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకు రాని మాలాంటి వాళ్లకు మీరిచ్చేది ఏడాదికి 35,000. మిగతా ఫీజు మాదే. సరే, దానికి అమ్మ పుస్తెలతాడు ఉంది.

ఆ 35,000 అయినా రావాలి కదా. "గవర్నమెంటు నుంచి రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక వాపస్ ఇస్తాం" అంటారు ఆఫీసులో. కట్టలేని మీ కోసమే స్కీము అంటారు, స్కీము రాలేదు కాబట్టి మీరే కట్టమంటారు. చదువైపోయింది, ఉద్యోగం వాళ్లు ఒరిజినల్స్ అడుగుతున్నారు, నా దగ్గర ఉన్నవి జిరాక్సులు. 2025 నవంబర్‌లో ఈ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయంటే ఆలోచించండి, ఫీజు కట్టలేదని పిల్లల్ని బయట నిలబెట్టే వాళ్లే బయటికొచ్చి నిలబడ్డారు.

ఖజానాలో డబ్బుల్లేవన్న మాట రోజూ వింటూనే ఉన్నాం. నిజమే అయి ఉండొచ్చు. కానీ నోటిమాట చెల్లదని మాకు నేర్పింది మీరే. కాబట్టి సర్కారు వారిని కూడా ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవకు పంపించండి. రేషన్ కార్డు, ఆధార్, రెండు ఫొటోలు తెచ్చుకోమనండి. ముందు వీఆర్వో సంతకం అడిగితే, ఆ పోస్టు ఎప్పుడో తీసేశారు కదా, ఇంకెవర్ని పట్టుకోవాలో వాళ్లనే వెతుక్కోమనండి. పన్నెండింటికి సర్వర్ డౌన్ అవుతుంది, పొద్దున్నే రమ్మనండి.

ఇట్లు,
అప్లికేషన్ స్టేటస్: పెండింగ్