‘తలవంచని నగరం’ అని షేర్ చేసేముందు

ఎక్కడ బాంబు పేలినా, ఎక్కడ తుపాకీ మోగినా మూడో రోజుకల్లా ఓ శీర్షిక సిద్ధంగా ఉంటుంది: ‘తలవంచని నగరం’. కింద ఫొటోలో కొవ్వొత్తులు, పూలగుత్తులు, ఎప్పట్లాగే రైలెక్కుతున్న జనం. మనమూ దాన్ని షేర్ చేసి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించి పనిలో పడిపోతాం. నేనూ చేశాను, ఒకసారి కాదు. ఈ మధ్య మాత్రం ఆ మాట కనబడితే ఒళ్లు మండుతోంది.

2006 జులై 11 సాయంత్రం ముంబై లోకల్ రైళ్లలో 11 నిమిషాల్లో 7 పేలుళ్లు జరిగాయి. మర్నాడు రైళ్లు నడిచాయి, జనం ఎక్కారు. ‘ముంబై స్పిరిట్’ అంటూ దేశమంతా చప్పట్లు కొట్టింది. సరే, ఆ ఎక్కినవాళ్లలో ఎక్కకుండా ఇంట్లో కూర్చోగలిగిన స్తోమత ఎందరికుందో ఎవరైనా అడిగారా? గుండె దడదడలాడుతూనే, పని పోతుందని ఎక్కిన మనిషిని వీరుడని పొగిడామంటే ఇక ఆ మనిషి భయమేస్తోందని పైకి చెప్పుకోవడానికి కూడా ఉండదు. ఈలోగా సమాధానం చెప్పాల్సినవాళ్లు ఆ చప్పట్ల మధ్యలోంచి మెల్లగా జారుకుంటారు. 19 ఏళ్లు గడిచాక, 2025 జులైలో, ఆ కేసులో కింది కోర్టు శిక్ష వేసిన 12 మందీ నిర్దోషులని బాంబే హైకోర్టు తేల్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. మరి ఆ బాంబులు పెట్టిందెవరో? స్పిరిట్ గురించి రాసినన్ని వ్యాసాలు ఈ ప్రశ్న మీద నాకు కనబడలేదు.

మాంచెస్టర్ సంగతి చూడండి. 2017 మే 22 రాత్రి, మాంచెస్టర్ అరీనా అనే పెద్ద వేదికలో పాటల కచేరీ ముగిసి పిల్లలు బయటి హాల్లోకొస్తుంటే ఆత్మాహుతి దాడి. 22 మంది ప్రాణాలు పోయాయి, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఆ తర్వాత ఊరు చేసింది నిజంగా గొప్పే, నేనేమీ తీసిపారెయ్యట్లేదు. టాక్సీ డ్రైవర్లు పైసా తీసుకోకుండా జనాన్ని ఇళ్లకు చేర్చారు. వాళ్లలో ముస్లింలు చాలామంది. ఆ నగరానికి చిహ్నమైన తేనెటీగను వేలమంది పచ్చబొట్టు పొడిపించుకుని, ఆ డబ్బు బాధితుల నిధికిచ్చారు. రెండు వారాలు తిరక్కుండానే అదే ఊళ్లో మళ్లీ పెద్ద కచేరీ పెట్టారు. ఇదంతా టీవీలో చూశాం, కళ్లు చెమర్చుకున్నాం.

ఆ దాడి మీద మాజీ జడ్జి సర్ జాన్ సాండర్స్ నడిపిన విచారణ నివేదికల్లో ఉన్నది వేరే కథ. అగ్నిమాపక దళం అక్కడికి చేరడానికి 2 గంటలు దాటింది! దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌లో ఉన్నవాళ్లకు పేలుడు శబ్దం వినబడింది కూడా. అయినా వాళ్లని అటు పంపలేదు, దూరంగా ఇంకో స్టేషన్‌లో పోగవమన్నారు. దాడి ఇంకా సాగుతోందేమోనన్న అనుమానం, పోలీసుల్నించి సరైన కబురు లేకపోవడం. రక్తపు మడుగుగా మారిన ఆ హాల్లోకి అడుగుపెట్టిన పారామెడిక్స్ ముగ్గురంటే ముగ్గురు. స్ట్రెచర్లు లేక ప్రకటనల బోర్డుల మీదా బారికేడ్ల మీదా పడుకోబెట్టి మోశారు. వేళకి సరైన వైద్యం అంది ఉంటే చనిపోయినవాళ్లలో ఒకరు బహుశా బతికేవారేనని సాండర్స్ రాశారు. ఆ వాక్యం చదివాక ఇక తేనెటీగ బొమ్మని మునుపటిలా చూడలేకపోయాను.

అంతకంటే నన్ను తినేసింది ఇంకోటి. పేలుడుకి ముందే, పెద్ద బ్యాగుతో ఓ మూల నక్కి కూర్చున్నవాణ్ణి గమనించి, ఒకాయన సెక్యూరిటీ కుర్రాడికి చెప్పాడు. ‘చూస్తాంలెండి’ అన్నట్టు తేల్చేశారు. తర్వాత ఆ మాట ఇంకో కుర్రాడి దాకా వెళ్లింది. పైవాళ్లకి చెబుదామని అతను రేడియో పట్టుకుంటే లైను దొరకలేదు. అనుమానం తప్పైతే తనని జాత్యహంకారి అంటారేమోనని కూడా భయపడ్డానని విచారణలో చెప్పాడు. కుర్రాడి నెత్తిన రుద్దెయ్యడం చాలా తేలిక. విచారణ ఆ పని చెయ్యలేదు. అరీనా నడిపే సంస్థనీ, సెక్యూరిటీ కాంట్రాక్టు తీసుకున్న సంస్థనీ, రైల్వే పోలీసుల్నీ నిలదీసింది. ఆ చివరి అరగంటలో హాల్లో ఒక్క పోలీసు కూడా లేడు మరి.

నార్వేలోనూ ఇదే తంతు. 2011 జులై 22న ఒకే మనిషి 77 మందిని పొట్టనపెట్టుకున్నాడు, ముందు ఓస్లోలో బాంబుతో, తర్వాత ఉటోయా దీవిలో తుపాకీతో. గులాబీలు పట్టుకుని లక్షకు పైగా జనం వీధుల్లోకొచ్చారు, ఆ దృశ్యం ఇప్పటికీ తలుచుకుంటారు. ఇక ఏడాది తర్వాత, ఆ దాడి మీద విచారణకి వేసిన యోర్వ్ కమిషన్ చెప్పింది వినండి. ప్రభుత్వ భవనాల ముందు వీధిలోకి వాహనాలు రాకుండా మూసెయ్యాలని ఏళ్లకిందటే నిర్ణయించారు, మూయలేదు. బాంబు పేలిన పది నిమిషాలకే ఓ బాటసారి ఫోన్ చేసి హంతకుడి ఆనవాళ్లూ, కారు నంబరుతో సహా చెప్పాడు. అది ఓ పసుపు చీటీ మీదికెక్కి, బల్ల మీద 20 నిమిషాల దాకా అలాగే పడుంది. వాడు అప్పటికి దీవి దారిలో ఉన్నాడు.

అన్నిచోట్లా ఇంతేనా అంటే, కాదు. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ పేలుళ్లలో 3 మరణాలు జరిగాయి, 260 మందికి పైగా గాయపడ్డారు. ఆస్పత్రికి చేరినవాళ్లలో మాత్రం ఒక్కరూ పోలేదు. అదృష్టమూ కొంత ఉంది, పరుగు కోసం డాక్టర్ల టెంటు పక్కనే ఉంది. కానీ అక్కడి ఆస్పత్రులు ఇలాంటి రోజు కోసం ముందే కసరత్తు చేసి ఉన్నాయి. దారినపోయేవాళ్లు బెల్టులతో, చొక్కాలతో రక్తస్రావం ఆపారని లోకమంతా మెచ్చుకుంటుంటే, డాక్టర్లు కూర్చుని ఆ కట్లు ఎంతవరకు పనిచేశాయో లెక్క తీశారు. అసలైన టోర్నికేట్ (రక్తం ఆగేలా బిగించే పట్టీ) ముందు అవి చాలవని తేలింది. 2015లో మామూలు జనానికి రక్తం ఆపడం నేర్పే ‘స్టాప్ ద బ్లీడ్’ ఉద్యమం మొదలైంది. పొగడ్త దగ్గర ఆగిపోకపోతే ఎలా ఉంటుందో అదీ.

అదే బోస్టన్‌లో మనలాంటి కీబోర్డు వీరులు వెలగబెట్టింది కూడా చెప్పుకోవాలి. రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో ఫొటోలు జూమ్ చేసుకుంటూ, అప్పటికి కొన్ని వారాలుగా కనిపించకుండా పోయిన ఓ విద్యార్థిని బాంబర్ అని తేల్చేశారు. కొడుకు ఎక్కడున్నాడో తెలియక కుమిలిపోతున్న ఆ ఇంటి మీద తిట్ల వాన కురిపించారు. ఆ అబ్బాయికి ఏ సంబంధమూ లేదు. కొద్ది రోజులకి శవమై దొరికాడు. రెడిట్ క్షమాపణ చెప్పింది. తిట్టినవాళ్లలో ఎందరు చెప్పారో మరి. ‘నిజమో కాదో తెలీదు, ఎందుకైనా మంచిదని ఫార్వర్డ్ చేస్తున్నా’ అనే మహానుభావులు మన గ్రూపుల్లోనూ ఉన్నారు, పేర్లు చెప్పను.

మాంచెస్టర్‌లో కొడుకుని పోగొట్టుకున్న ఫిగెన్ మర్రే అనే తల్లిని కూడా ‘ధైర్యవంతురాలు’ అని ఊరుకోబెట్టొచ్చు. ఆమె ఊరుకోలేదు. జనం పోగయ్యే ప్రతి చోటా దాడి జరిగితే ఏం చెయ్యాలో ముందే ప్లాన్ ఉండాలని చట్టం అడిగింది. ఏళ్లు గడిచాయి. 2024 మేలో అరీనా నుంచి లండన్‌లోని ప్రధాని ఇంటి దాకా, సుమారు 320 కిలోమీటర్లు నడిచి వెళ్లింది. ప్రధాని రిషి సునాక్ కలిసి మాటిచ్చారు. కొన్ని గంటలకే ఎన్నికలు ప్రకటించారు. మాట గాల్లో కలిసింది. బిల్లు తర్వాతి ప్రభుత్వం తెచ్చింది, 2025 ఏప్రిల్ 3న చట్టమైంది. ఆమె కొడుకు పేరు మీద జనం దాన్ని ‘మార్టిన్ చట్టం’ అంటారు. సిద్ధం కావడానికి అందరికీ కనీసం 2 ఏళ్ల గడువిచ్చారు, అంటే అది నిజంగా అమలయ్యే నాటికి దాడి జరిగి దాదాపు 10 ఏళ్లు. ‘తలవంచని నగరం’ శీర్షికకి పట్టింది 3 రోజులు.