వసంతాన్ని చూడాలంటే ఆగే బండే ఎక్కాలి

వేగంగా పోయే రైల్లోంచి వసంతం సరిగా కనిపించదు. కిటికీలోంచి చూస్తే దూరపు కొండ నింపాదిగా సాగుతుంది, పట్టాల పక్కనున్న పొద మాత్రం రివ్వున వెనక్కి పోతుంది. వసంతమేమో ఎక్కువగా ఆ పొదల్లోనే ఉంటుంది. చివురు, మొగ్గ, గడ్డిపువ్వు, అన్నీ చిన్నవే. గంటకు 160 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 44 మీటర్లు. ఆ వేగంలో పువ్వు ఉత్త రంగు గీత అయిపోతుంది. లోకల్ రైలు ప్రతి స్టేషన్‌కీ నెమ్మదిస్తుంది కాబట్టి ఆ గీత మళ్లీ పువ్వవుతుంది.

మొన్న సిగ్నల్ కోసం బండి ఆగింది. కిటికీకి బారెడు దూరంలో ఒక కొమ్మ. చివరి ఆకులు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, రాగి రంగులో నిగనిగలాడుతున్నాయి. ఒక గండుచీమ ఆకు కొస దాకా వెళ్లి, కాసేపు తచ్చాడి, వెనక్కి తిరిగింది. ఎదుటి సీట్లో పెద్దావిడ ఫోన్ ఒళ్లో పెట్టుకుని అటే చూస్తున్నారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. బండి కదిలాక కూడా ఆవిడ తల తిప్పి ఆ కొమ్మనే చూశారు.

అసలు పట్టాల పక్కన ఇన్ని పూలెందుకు? ఆ నేలను ఎవరూ దున్నరు, పశువుల్ని తోలరు. పైగా రైళ్లే విత్తనాలను మోస్తాయి. ఆక్స్‌ఫర్డ్ బొటానిక్ గార్డెన్ నుంచి బయటపడిన ఆక్స్‌ఫర్డ్ రాగ్‌వర్ట్ అనే పసుపు పూల మొక్క 19వ శతాబ్దంలో రైలు మార్గాల వెంటే బ్రిటన్‌లో పాకింది. దాని పుట్టిల్లు సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వతం. పట్టాల కింది బొగ్గు చిట్టెం, కంకర దానికి లావా నేలలాగే సరిపోయాయి. ఆక్స్‌ఫర్డ్ దగ్గర రైలు పెట్టెలోకి వచ్చిన విత్తనాలు గాల్లో తేలుతూ టైల్‌హర్స్ట్ స్టేషన్ దగ్గర బయటికి పోవడం చూశానని వృక్షశాస్త్రవేత్త జార్జ్ క్లారిడ్జ్ డ్రూస్ రాశారు. నాకు ఎంతో ఇష్టమైన రైలు ప్రయాణం ఆ విత్తనాలదే.

అదే బ్రిటన్‌లో రైల్వే నష్టాలు తగ్గించడానికి 1963లో వచ్చిన బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లను మూసేయమంది. లాభనష్టాల లెక్కలో చిన్న స్టేషన్ ఎప్పుడూ ఓడిపోతుంది. ఆ లెక్క సరిపోదని నా గట్టి నమ్మకం. ఆగిన ప్రతిచోటా తలుపు తెరుచుకుంటుంది. ఒకచోట తడి మట్టి వాసన, తర్వాతి స్టేషన్‌లో పూత వాసన, ఆపైన ఎక్కడో పిట్ట కూత. బయటి గాలి అరనిమిషం మన మధ్య కూర్చుని దిగిపోతుంది.