ఆంధ్రా బ్యాంకు షేరు గారికి తొంభై రూపాయల నమస్కారాలు

మహారాజశ్రీ ఆంధ్రా బ్యాంకు షేరు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం తెలుసుకోవాలంటే మాత్రం యూనియన్ బ్యాంకు పేరు మీద వెతుక్కోవలసి వస్తోంది. 2020 ఏప్రిల్ 1న తమరు అందులో కలిసిపోయారు. ముహూర్తం పెట్టినవాళ్ళకు ఏప్రిల్ ఒకటో తేదీ అంటే ఆర్థిక సంవత్సరం మొదలని తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు కాబోలు. 1923 నవంబరు 28న బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో తలుపులు తెరిచిన బ్యాంకు తమది. ఇంకో మూడున్నరేళ్ళు ఆగితే శతజయంతి చేసుకునేవాళ్ళం. నూరేళ్ళు నిండకుండానే తమకు నూరేళ్ళు నిండాయి.

తమరి మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. చిన్న లెక్క తేలక రాస్తున్నాం.

మనవాళ్ళు తమరిని కొన్న తీరే వేరు. జీతం పడేది అక్కడే, పెన్షన్ అక్కడే, నగలు తాకట్టు అక్కడే, లాకరూ అక్కడే. అర కిలో వంకాయలు కొనేటప్పుడు తొడిమ దగ్గర తిప్పి తిప్పి పుచ్చు వెతికే మనిషి, తమరిని కొనేటప్పుడు బ్యాలెన్స్ షీటు ఒక్క పేజీ తిప్పలేదు. "మన బ్యాంకే కదా" అన్నాడు. కౌంటర్లో డిపాజిట్ రసీదు ఇచ్చినట్టే షేరు సర్టిఫికెట్టు కూడా ఇచ్చారనుకున్నాడు. రెంటికీ తేడా ఒక్కటే. డిపాజిట్ అంటే బ్యాంకు మనకు బాకీ. షేరు అంటే బ్యాంకు బాకీలన్నీ తీరాక ఏమైనా మిగిలితే అది మనది. పంక్తిలో ఆఖరి విస్తరి. వడ్డన అక్కడిదాకా వచ్చేసరికి గరిటెలో ఏముంటే అదే.

లెక్కలోకి వద్దాం. ఒకే ఇంటి తోడల్లుళ్ళు ఇద్దరిని ఊహించుకోండి. పెద్దల్లుడు 2001 ఫిబ్రవరి పబ్లిక్ ఇష్యూలో తమరిని 10 రూపాయల ముఖవిలువకే (షేరు మీద అచ్చేసిన విలువకే) కొన్నాడు. 1000 షేర్లు, పదివేలు. చిన్నల్లుడు 2006 జనవరి ఇష్యూలో అవే 1000 షేర్లు 90 చొప్పున కొన్నాడు. తొంభై వేలు. బ్యాంకు ఒకటే, షేరు ఒకటే. ఐదేళ్ళలోనే పెద్దల్లుడి డబ్బు తొమ్మిదింతలైందని చూసే చిన్నల్లుడు దిగాడు. తొమ్మిదింతల పెరుగుదల అప్పటికే జరిగిపోయిందనీ, తన తొంభైలో దాని ఖరీదు కూడా కలిసే ఉందనీ అతనికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా వినేవాడు కాదు, పక్కన బావగారు నవ్వుతూ కూర్చున్నాడు మరి.

విలీనంలో తమ 1000 షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. 2020 మార్చి నెలాఖరున ఆ యూనియన్ షేరు 30 రూపాయల లోపు ఉంది. 325ని 30తో హెచ్చవేస్తే 9,750. అంటే 19 ఏళ్ళ తర్వాత పెద్దల్లుడు బయలుదేరిన చోటికే వచ్చి నిలబడ్డాడు. చిన్నల్లుడి తొంభై వేలల్లో ఎనభై వేలు పైచిలుకు హరించుకుపోయింది. 2024 జూన్‌లో యూనియన్ షేరు 170 దాటింది. ఆ రోజు కూడా అతని 325 షేర్లు 56 వేల దగ్గరే ఆగాయి. అసలు చేతికి రావాలంటే ఒక్కో షేరు 276 రూపాయల 92 పైసలు పలకాలి.

"డివిడెండ్ల మాటేమిటి?" అని తమరు అడుగుతారు. అడగాల్సిందే. మంచి రోజుల్లో తమరు 50 శాతం డివిడెండ్ ప్రకటించారు. ఆ మాట వినగానే మన అరుగుల మీద ఎంత సందడి! సగానికి సగం ఇస్తున్నారట! ఆ యాభై శాతం పది రూపాయల ముఖవిలువ మీద అని చిన్నక్షరాల్లో ఉంటుంది. అంటే ఐదు రూపాయలు. 90 పెట్టినవాడికి అది ఐదున్నర శాతం. 2010 చివర్లో 150 దాటాక కొన్నవాడికి మూడుంబావు. పోనీ, ఏటా ఐదేసి రూపాయల చొప్పున పదేళ్ళు ఆపకుండా ఇచ్చారనే అనుకుందాం. నిజానికి అంత ఇవ్వలేదు, అయినా తమరి మీద గౌరవం కొద్దీ అనుకుందాం. 1000 షేర్ల మీద యాభై వేలు. దీన్నీ, 2024 నాటి 56 వేలనూ ఏ తేదీకి ఆ తేదీ వేసి ఎక్సెల్‌లో ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫార్ములాకు (తేదీలను బట్టి ఏటి రాబడి కట్టేది) అప్పగిస్తే, చిన్నల్లుడికి పద్దెనిమిదేళ్ళలో ఏటికి ఒకటిన్నర శాతం దరిదాపుల్లో వస్తుంది. 2006లో సేవింగ్స్ ఖాతా వడ్డీయే మూడున్నర శాతం. అదే తొంభై వేలు తమ కౌంటర్లోనే ఏడు శాతం చక్రవడ్డీకి వేసుకుని ఉంటే పద్దెనిమిదేళ్ళకు మూడు లక్షలు దాటేవి. గుడి హుండీలో వేసినవాడికి కనీసం పుణ్యం దక్కుతుంది.

ఇలా ఎందుకయిందో తమకు తెలియదని కాదు. పల్లెల్లో బాకీ తీర్చలేని మనిషి చేత షావుకారు పాత నోటు చింపేసి, వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయిస్తాడు. బాకీ వసూలు కాలేదు, అయినా పుస్తకంలో చెల్లే నోటే. బ్యాంకులు ఇదే పనికి 'పునర్వ్యవస్థీకరణ' అని గంభీరమైన పేరు పెట్టుకున్నాయి. విద్యుత్తు, ఉక్కు, రోడ్ల కంపెనీల బాకీలు దేశమంతా అలాగే ఏళ్ళ తరబడి మంచి అప్పులుగా చలామణీ అయ్యాయి. 2015 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు ఆ వెసులుబాటు తీసేసింది. అదే ఏడు ద్వితీయార్ధంలో బ్యాంకుల అప్పుల పద్దులు విప్పించి నాణ్యత పరీక్ష పెట్టింది. తిరగరాసిన నోట్లన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. తమరికి 2017-18లో 3,413 కోట్లు, మరుసటి ఏడు 2,786 కోట్లు నష్టం.

2019 మార్చి నాటికి తమ స్థూల మొండి బాకీలు 16.21 శాతం, నికర మొండి బాకీలు 5.73 శాతం. ఆ రెండో అంకె చూసి "ఆరు లోపేగా, పర్లేదు" అనుకున్న అమాయకులున్నారు. మధ్యలో కనబడని తేడా వసూలై రాలేదు నాయనా! మునిగిందనుకున్న మేరకు లాభాల్లోంచి, అవి చాలకపోతే మూలధనంలోంచి కోసి పక్కన పెట్టినదది. వంద రూపాయలు అప్పులిచ్చే బ్యాంకులో వాటాదారుల సొమ్ము పదో పన్నెండో ఉంటుంది, మిగతాదంతా జనం డిపాజిట్లు. పదహారు మొండికేసి అందులో సగం వసూలైనా ఎనిమిది పోయినట్టే. ఆ ఎనిమిది డిపాజిటరు రసీదులోంచి పోదు. పోయేది ఈ పదిలోంచే. వందలో ఎనిమిది పోతే పెద్ద లెక్కేముంది గాని, పదిలో ఎనిమిది పోతే కొంప కొల్లేరే.

తర్వాత ప్రభుత్వం వచ్చి మూలధనం పోసింది. పేపర్లో అది శుభవార్తగానే పడింది, షేరు కూడా ఆ పూట నాలుగు పైసలు పెరిగి ఉంటుంది. ఈ పోతలో ఏం జరుగుతుందో చూడండి. ఒక బ్యాంకుకు 100 షేర్లు, ఒక్కో షేరు పుస్తక విలువ, అంటే బాకీలు పోగా షేరుకు మిగిలే సొంత సొమ్ము, 100. మొత్తం పదివేలు. బజారులో షేరు 30కి పడిపోయింది. ఆ ధర మీద 500 కొత్త షేర్లు ఇచ్చి 15 వేలు తెచ్చారు. ఇప్పుడు మొత్తం 25 వేలు, షేర్లు 600. ఒక్కో షేరు పుస్తక విలువ 41 రూపాయల 67 పైసలు. కొత్తగా ఒక్క అప్పూ మునగలేదు, ఒక్క రూపాయీ నష్టం రాలేదు, అయినా పాతవాడి విలువలో సగం పైన ఆవిరి. చుట్టాలు పెరిగేకొద్దీ మజ్జిగలో నీళ్ళు పోసినట్టు. 2006 ఇష్యూ తర్వాత తమరు 48.5 కోట్ల మంది అన్నదమ్ములు. ప్రభుత్వ వాటా 51.55 శాతం. విలీనం నాటికి 300 కోట్ల దగ్గరికి చేరారు. ప్రభుత్వ వాటా 80 శాతం దాటింది. "పుస్తక విలువలో సగానికే దొరుకుతోంది, చవక" అని 2016లో, 2017లో ఎగబడ్డవాళ్ళు ఆ పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నారని గమనించలేదు.

విలీనం పేరెత్తితేనే అపశకునం అనడం కూడా అన్యాయమే. 1930లో బెంగళూరులో పుట్టిన వైశ్యా బ్యాంకు తర్వాత ఐఎన్‌జీ వైశ్యా అయి, 2015 ఏప్రిల్ 1న కోటక్ మహీంద్రాలో కలిసింది. అక్కడ 1000 షేర్లకు 725. అప్పుడు కోటక్ షేరు వెయ్యి రూపాయల పైన ఉంది. మూడు నెలలు దాటగానే ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చి 725ను 1450 చేశారు. అదీ ఏప్రిల్ ఒకటే, ఇదీ ఏప్రిల్ ఒకటే. పిల్లను ఎవరింటికి పంపామన్నదాంట్లో ఉంది తేడా. హైదరాబాదులో 1994లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు వాటాదారులైతే తమరిని చూసి అసూయ పడాలి. 2004 జులై 24న మారటోరియం (డబ్బు తీసుకోవడానికి అడ్డుకట్ట), ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంకులో విలీనం, వాళ్ళకు దక్కింది సున్నా. 1926 నాటి కరూరు లక్ష్మీ విలాస్ బ్యాంకు 2017 డిసెంబరులో 122 రూపాయల చొప్పున రైట్స్, అంటే పాత వాటాదారులకే కొత్త షేర్లు, ఇచ్చింది. 2020 నవంబరు 17న మారటోరియం, 27న డీబీఎస్‌లో విలీనం, మూలధనం మొత్తం కొట్టివేత. పది రోజులు. డిపాజిటర్లకు మాత్రం రెండు చోట్లా పైసా పోలేదు. ఆఖరి విస్తరి అన్నది ఇందుకే.

చిల్లర సంగతులు కొన్ని మిగిలాయి. 100 షేర్లున్నవాడికి 32.5 రావాలి, 32 వచ్చాయి, ఆ అర ముక్కకు నగదు లెక్కగట్టారు. డీమ్యాట్ (కాగితం లేని షేర్ల ఖాతా) యాప్‌లో కొన్న ధర ఖాళీగానో సున్నాగానో కనబడితే అంతా లాభమేనని మురిసిపోకండి. తమరిని కొనడానికి పెట్టిన మొత్తమే కొత్త షేర్ల ఖరీదు, కొన్న తేదీ కూడా పాతదే. చిన్నల్లుడికి షేరు 276.92 పడ్డట్టు చేత్తో ఎక్కించుకోవాలి. ఎక్కించుకుంటే అమ్మినప్పుడు ఆదాయపు పన్ను లెక్కలో దీర్ఘకాలిక నష్టం తేలుతుంది. ఆ నష్టాన్ని దీర్ఘకాలిక లాభాలతోనే సర్దుకోవాలి. మిగిలితే ఎనిమిదేళ్ళు ముందుకు మోయొచ్చు, రిటర్ను గడువులోగా వేసినవాడికే. ఇక బీరువాలో పట్టుచీరల కింద కాగితం సర్టిఫికెట్లు దాచుకున్నవాళ్ళు. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లను వేరొకరికి అమ్మి బదిలీ చేయడం కుదరదు. యూనియన్ బ్యాంకు వాటాదారుల పద్దు చూసే రిజిస్ట్రారుకు ఐఎస్‌ఆర్-1 ఫారంలో పాన్, చిరునామా, బ్యాంకు ఖాతా రాసి, సంతకం మారిపోయి ఉంటే ఐఎస్‌ఆర్-2లో బ్యాంకు మేనేజరు ధ్రువీకరణతో పంపి, డీమ్యాట్‌లోకి మార్పించుకోవాలి. సర్టిఫికెట్టు మీద 'వెంకట సుబ్బారావు', పాన్ కార్డు మీద 'వి.ఎస్. రావు' అని ఉంటే మాత్రం కాస్త ఓపిక దాచుకోండి.

తమ అన్నదమ్ములు (ఇలాంటి పాత దక్షిణాది బ్యాంకుల షేర్లు) కరూరులో, కుంభకోణంలో, మంగళూరులో, త్రిశూరులో ఇంకా బజారులో ఉన్నారు. వాళ్ళ జోలికి వెళ్ళేవాడు లాభం అంకె కంటే ముందు షేర్ల సంఖ్య పదేళ్ళలో ఎంతనుంచి ఎంతైందో చూడాలి. ఈ త్రైమాసికంలో కొత్తగా మొండికేసిన బాకీలెన్ని, పద్దులోంచి కొట్టేసినవెన్ని అన్నది తర్వాత. మొండి బాకీల శాతం తగ్గిందంటే వసూలైందా, పుస్తకంలోంచి తుడిచేశారా? తుడిచేసినా తగ్గుతుంది. అప్పుల్లో బంగారం మీద ఇచ్చినవెంత, ఒకే రాష్ట్రంలో ఇరుక్కున్నవెంత, మొదటి ఇరవై మంది పెద్ద బాకీదారుల చేతిలో ఎంతుంది? వంద రూపాయల ఆస్తుల మీద ఏటా రూపాయి మిగిలి, అందులో సొంత సొమ్ము ఎనిమిది ఉంటే వాటాదారుకు పన్నెండున్నర శాతం. అర్ధరూపాయే మిగిలితే ఆరుంబావు. అంతకంటే ఆ బ్యాంకులోనే ఎఫ్‌డీ వేసుకోవడం నయం, సీనియర్ సిటిజనుకు మరో అర శాతం అదనం కూడాను.

ఇట్లు,
తమ పాత వాటాదారులు,
ప్రస్తుతం తలా 32 యూనియన్ షేర్లకూ ఒక అర ముక్క చిల్లరకూ హక్కుదారులు

తా.క.: డివిడెండ్ వారంట్లు పాత చిరునామాకు వెళ్ళి తిరిగొచ్చిన వాళ్ళెవరైనా ఉంటే, ఏడేళ్ళు అడగని సొమ్ము మదుపరుల విద్య, రక్షణ నిధికి వెళ్ళిపోయి ఉంటుంది. ఐఈపీఎఫ్-5 ఫారం ఆన్‌లైన్లో నింపి, అచ్చు తీసిన ప్రతిని కాగితాలతో సహా బ్యాంకుకు పంపితే తిరిగొస్తుంది. మన సొమ్ము మనమే అడగాలి. పెద్దల్లుడు అప్పుడే అప్లికేషన్ పెట్టేశాడట.