పట్టుచీరల సెక్షన్ మూలనుండే స్టూలు గారికి

స్టూలు గారూ, నమస్కారం.

మా షాపులో మీ ఉద్యోగం ఏమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు. పై రాక్‌లోంచి చీర దించాలంటే మీ మీద ఎక్కి నిలబడొచ్చు. కూర్చుంటే మాత్రం కెమెరాలో చూసి కింద నుంచి ఫోన్ వస్తుంది, జీతంలో ఫైన్ పడుతుంది. కస్టమర్‌కి కుర్చీ ఉంది, ఆవిడ వెంట వచ్చిన పిల్లాడికి ఉంది, వాళ్ళ కవర్లకీ ఉంది. మాతో పాటు రోజంతా నిలబడేది గుమ్మం దగ్గర బొమ్మ ఒక్కతే. దానికి రక్తం లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

మాకుంది. నడుస్తుంటే పిక్కలు పిండి ఆ రక్తాన్ని పైకి పంపుతాయి. ఒకేచోట నిలబడితే కాళ్ళలోనే ఆగిపోతుంది. రాను రాను రక్తనాళాల్లో కవాటాలు సడలి, పిక్కల వెనక నీలంగా వానపాముల్లా తేలతాయి. డాక్టరు వెరికోస్ వెయిన్స్ అన్నాడు, మధ్యమధ్యలో కూర్చోమన్నాడు. ఎక్కడ కూర్చోవాలో చీటీలో రాయలేదు.

ఇక బాత్రూమ్ ఐదో అంతస్తులో, లిఫ్ట్ కస్టమర్లకే. అందుకని ఆషాఢం సేల్ రోజుల్లో నీళ్ళ బాటిల్ మూత తీయం. తర్వాత యూరిన్ ఇన్‌ఫెక్షన్ మాత్ర మింగడానికి ఎలాగూ తీయాల్సిందే.

1988లో చేసినప్పుడు మన షాపుల చట్టం రోజుకు 8 గంటల పనే అంది. షట్టర్ దించాక చీరలు మడతపెట్టే టైము బహుశా మా సరదా కింద లెక్క. అన్నానికి ఇచ్చే అరగంట గోడౌన్‌లో అట్టపెట్టెల మీద కూర్చుంటాం. నిజం చెప్పాలంటే కూర కంటే ఆ అట్టపెట్టెలే రుచి.

మీ వంశం సామాన్యమైనది కాదట. నిలబడి పనిచేసేవాళ్ళు వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. ఫ్యాక్టరీ కాళ్ళు వేరు, షాపు కాళ్ళు వేరు అనుకున్నారేమో! కోళికోడ్ మిఠాయి వీధిలో విజి అనే టైలరమ్మ ముందు నడిచి, షాపుల్లో ఆడవాళ్ళను కూడగట్టి, మొదట బాత్రూముల కోసం, తర్వాత మీ కోసం కొట్లాడింది. షాపుల్లో కూర్చునే ఏర్పాటు ఉండాలని 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు మార్చింది. కంచి పట్టు మా షాపుకి వారం వారం దిగుతూనే ఉంది. ఆ చట్టం మాత్రం పార్సిల్‌లో రావడం లేదు.

ఇంగ్లండులో అయితే 1899లోనే చట్టం చేశారు, షాపుల్లో ముగ్గురు ఆడవాళ్ళకు ఒక సీటు చొప్పున. మా సెక్షన్‌లో తొమ్మిది మందిమి. ఆ పాత కోటా ఇచ్చినా చాలు, వంతులేసుకుంటాం. శ్రావణమాసం రద్దీ మొదలయ్యేలోపు మీరింకో ఇద్దరిని తోడు తెచ్చుకోండి.

ఇట్లు,
మీ మీద నిలబడే అమ్మాయి