గర్భిణుల గుండెల్లో మంట మెసేజ్: బీపీ అడగకుండా చెప్పే చిట్కాలు నమ్మొద్దు

కడుపుతో ఉన్నవాళ్లకు గుండెల్లో మంట వస్తే ఇంగ్లీషు మందు ముట్టుకోకుండా వంటింట్లోనే తగ్గించుకోవచ్చంటూ ఒక పొడవాటి మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా అందులో ఉండేవి దాదాపు ఇవే: మంట వస్తోందంటే బిడ్డకు జుట్టు ఒత్తుగా ఉందని అర్థం, ఒంట్లో వేడి ఎక్కువైంది కాబట్టి పరగడుపున కలబంద రసం తాగాలి, మంట లేచినప్పుడల్లా నిమ్మరసంలో వంట సోడా కలిపి తాగాలి, రోజూ అతిమధురం పొడి తేనెతో తీసుకోవాలి, చల్లటి పాలు, సోంపు, పుదీనా ఎంతైనా వాడొచ్చు, గ్యాస్ మందులు బిడ్డకు చేటు, చివరగా, ఎంత మంట వచ్చినా భయపడొద్దు, కాన్పుతో అదే పోతుంది.

సీమంతం అయిన అమ్మాయి ఏ ఇంట్లో ఉన్నా ఆ ఇంటి గ్రూపులో దీన్ని ఎవరో ఒకరు పెడతారు, ప్రేమతోనే పెడతారు. కానీ ఇందులో వంట సోడా, అతిమధురం రెండూ బీపీ ఉన్నవాళ్లు దూరంగా పెట్టాల్సినవి, చివరి మాట ప్రాణం మీదికి తెచ్చేది. ఇంత పెద్ద మెసేజ్‌లో ఎక్కడా "నీ బీపీ ఎంత ఉందమ్మా" అన్న ప్రశ్నే లేదు. నాకు కోపం తెప్పించింది అదే.

ముందు జుట్టు సంగతి. ఇది ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 64 మంది గర్భిణులను అడిగి, పుట్టిన పిల్లల జుట్టు చూసి, 2006లో ఫలితాలు ప్రచురించారు. ఈ మాట తప్పని తేల్చుదామనే మొదలుపెట్టారు కానీ, మంట ఎక్కువ ఉన్న తల్లుల పిల్లల్లో చాలామందికి నిజంగానే జుట్టు బాగా ఉంది. అంటే జుట్టు లోపల గుచ్చుకుని మంట పుడుతోందని కాదు. తల్లి అన్నవాహికను వదులు చేసే హార్మోన్లే బిడ్డ జుట్టు పెరగడంలో కూడా పాలుపంచుకుంటాయేమో అన్నది వాళ్ల ఊహ. 64 మందితో చేసిన చిన్న అధ్యయనం, సరదాగా చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ "జుట్టు వల్లేలే" అని మంటను వదిలేయడానికి అది కారణం కాకూడదు.

ఇక ఒంట్లో వేడి. మన ఇళ్లలో నోటిపూత దగ్గర్నుంచి కళ్లమంట దాకా అన్నిటికీ వేడి చేసిందనే అంటాం. ఈ మంట మాత్రం ఒంటి వేడి వల్ల వచ్చేది కాదు. అన్నవాహిక చివర, కడుపులోకి దారితీసే చోట, ఒక కండరం బిగుసుకుని కడుపులోని ఆమ్లం పైకి రాకుండా ఆపుతుంది. గర్భం వచ్చాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరిగి ఒంట్లో ఇలాంటి కండరాలన్నిటినీ వదులు చేస్తుంది. ఏడో నెల పడ్డాక పెరిగిన గర్భసంచి కడుపును పైకి నొక్కుతుంది. ఆమ్లం పైకి తన్ని ఛాతీలో మంట, గొంతులోకి పుల్లటి తేన్పులు వస్తాయి. మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా తాగితే హాయిగా అనిపిస్తే తాగండి, ఎవరూ వద్దనరు. కలబంద రసం మాత్రం అలాంటిది కాదు. ఆ ఆకు తొక్క కింద పసుపుపచ్చ రంగులో చేదు పాలు ఉంటాయి, అవి గట్టి విరేచనాల మందు. ఇంట్లో కోసి మిక్సీలో వేసిన రసంలో ఆ పాలు ఎంత కలిశాయో చూసి చెప్పలేం. గర్భిణులు కలబందను లోపలికి తీసుకోవద్దనే డాక్టర్లు చెబుతారు. అమెరికాలో అయితే కలబందతో చేసిన విరేచనాల మందులను చీటీ లేకుండా అమ్మే అనుమతి 2002లోనే తీసేశారు, అవి సురక్షితమని చూపే సమాచారం లేదని. మొహానికి రాసుకుంటే రాసుకోండి, తాగొద్దు.

వంట సోడా దగ్గరికి వద్దాం. దీన్ని తాగగానే పెద్ద తేన్పు వచ్చి ఉపశమనం కలుగుతుంది, అది నిజమే, అందుకే జనం నమ్ముతారు. సోడా ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తుంది, ఆ గాలే తేన్పుగా వచ్చేది. అసలే బిడ్డ బరువుతో నొక్కుకుపోయిన కడుపులో అంత గాలి పుడితే ఉబ్బరం పెరుగుతుంది, తేన్పుతో పాటే మళ్లీ ఆమ్లం పైకి వస్తుంది. ఇది చిన్న సమస్య. పెద్దది సోడియం. ఒక చెంచా వంట సోడాలో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మంట లేచినప్పుడల్లా అంటే రోజుకు రెండు మూడుసార్లు, దాని మీద మన ఆవకాయ, అప్పడాలు, చారులో ఉప్పు. అది ఒంట్లో నీరు నిలిపేస్తుంది. పాదాలకు నీరు పట్టి చెప్పులు ఎక్కని అమ్మాయికి, బీపీ హద్దు దాటబోతున్న అమ్మాయికి ఈ సలహా ఇస్తున్నారు. అతిగా తాగితే రక్తంలో క్షారం పెరిగిపోయే ప్రమాదం తల్లికీ బిడ్డకీ ఉంది. నీళ్లలో వేయగానే బుస్సున పొంగే ప్యాకెట్లలో ఉండేదీ ప్రధానంగా ఈ సోడానే, పేరు మారిందంతే.

అతిమధురం గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే అందరూ పూర్తి సురక్షితం అనుకునేది ఇదే. దగ్గుకు చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవడం మన నానమ్మల కాలం నుంచీ ఉంది, ఆయుర్వేదంలో దానికి పెద్ద స్థానమే ఉంది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ వేరులో తీపినిచ్చే గ్లైసిరైజిన్ అనే పదార్థం చేసే పని ఒకటుంది. మన ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను నిర్వీర్యం చేసే ఒక ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది. దాంతో ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. అదే ఎంజైమ్ మాయలో (ప్లాసెంటాలో) కూడా ఉండి, తల్లి ఒత్తిడి హార్మోన్ బిడ్డకు మోతాదు మించి చేరకుండా కాపలా కాస్తుంది. అక్కడా అది బలహీనపడుతుంది.

ఇది ఊహ కాదు. ఫిన్లాండ్‌లో అతిమధురంతో చేసే నల్లటి మిఠాయి విపరీతంగా తింటారు, అందుకే వాళ్లు దీన్ని పట్టుకుని పరిశోధించారు. హెల్సింకిలో 1998లో ప్రసవించిన తల్లులు గర్భంతో ఉండగా ఈ మిఠాయి ఎంత తిన్నారో రాసిపెట్టుకున్నారు. ఆ పిల్లలు పన్నెండేళ్లు దాటాక పరీక్షిస్తే, వారానికి 500 మిల్లీగ్రాములకు మించి గ్లైసిరైజిన్ తీసుకున్న తల్లుల పిల్లలకు, అసలు తినని లేదా చాలా తక్కువ తిన్న తల్లుల పిల్లల కన్నా తెలివితేటల పరీక్షల్లో సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చాయి, ఏకాగ్రత సమస్యలు ఎక్కువ కనిపించాయి. 2017లో ఇది ప్రచురితమైంది. పరిశీలన మాత్రమే కాబట్టి పూర్తిగా అతిమధురమే కారణమని తేల్చి చెప్పలేం, అయినా ఫిన్లాండ్ ప్రభుత్వం గర్భిణులను దీనికి దూరంగా ఉండమంటోంది. మన పచారీ కొట్టులో దొరికే అతిమధురం కూడా అదే మొక్క వేరు. ఒకటి రెండుసార్లు దగ్గుకు చప్పరించినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, ప్రమాదం రోజూ చెంచాలతో తీసుకోవడంలో ఉంది. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడు నాడి చూసి, బీపీ చూసి, మోతాదు కట్టి ఇస్తాడు. మెసేజ్ మోతాదు కూడా చెప్పలేదు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్న మన అమ్మాయిలు హెర్బల్ టీ డబ్బాల మీద పదార్థాల పేర్లు చూసుకోండి, తీపి కోసం ఈ వేరు కలిపేవి చాలా ఉంటాయి.

పాలు, సోంపు, పుదీనా విషయంలో గొడవేమీ లేదు. చల్లటి పాలు కాసేపు మంట చల్లారుస్తాయి, కాసేపటికి కడుపు మళ్లీ ఆమ్లం ఊరుస్తుంది, కాబట్టి పడుకునే ముందు పెద్ద గ్లాసు తాగకుండా కొద్దికొద్దిగా తాగితే మేలు. భోజనం తర్వాత చిటికెడు సోంపు నమిలితే నష్టం లేదు, కానీ లీటర్ల లెక్కన కషాయం వద్దు. పుదీనా చట్నీ తినండి, పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూళ్లు మాత్రం అసలే వదులైన ఆ కండరాన్ని ఇంకా వదులు చేస్తాయి.

కానీ పాలతో ఐరన్ మాత్ర వేసుకోవడం మన ఇళ్లలో చాలా ఎక్కువ, మెసేజ్ ఈ ఊసే ఎత్తలేదు. పాలలోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, యాంటాసిడ్లూ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ ఎర్ర మాత్ర వేసుకుంటే మంట వస్తోందని చాలామంది చెత్తబుట్టలో పడేస్తున్నారు, ఏఎన్ఎం అడిగితే వేసుకుంటున్నామనే చెబుతారు. మానొద్దు. అన్నం తిన్నాక గంట ఆగి, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి, వేసుకున్న వెంటనే పడుకోకండి, మాత్ర గొంతులో నిలిచినా మంటే. పాలకీ, కాల్షియం మాత్రకీ, యాంటాసిడ్‌కీ కనీసం రెండు గంటల ఎడం పెట్టండి. అయినా పడకపోతే డాక్టర్‌ను అడిగితే వేరే రకం మార్చి ఇస్తారు.

గ్యాస్ మందులు బిడ్డకు చేటు అన్న మాట వల్ల ఎంతమంది రాత్రంతా కూర్చుని తెల్లవారుస్తున్నారో. కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న మామూలు యాంటాసిడ్ సిరప్‌లు డాక్టర్ చెప్పిన మోతాదులో గర్భిణులు దశాబ్దాలుగా వాడుతున్నారు. ఆల్జినేట్ సిరప్ అయితే సముద్రపు నాచు నుంచి తీసిందే, అది కడుపులో ఆమ్లం మీద తెట్టులా తేలి పైకి రాకుండా ఆపుతుంది. (కొన్ని ఆల్జినేట్ సిరప్‌లలో సోడియం కూడా ఉంటుంది, బీపీ ఉంటే డాక్టర్‌కు ఆ మాట చెప్పి తీసుకోండి.) వీటితో తగ్గకపోతే ఫామోటిడిన్, ఒమెప్రజోల్ లాంటివి రాస్తారు. డెన్మార్క్‌లో 8 లక్షల 40 వేలకు పైగా జననాల రికార్డులు చూసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో ఒమెప్రజోల్ కోవ మందులు వాడిన తల్లుల బిడ్డల్లో పుట్టుక లోపాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.

అలాగని మెడికల్ షాపుకు వెళ్లి "గ్యాస్ మాత్ర ఇవ్వండి" అని తెచ్చుకోవడమూ తప్పే. మీసోప్రోస్టాల్ అనే మందు కడుపులో పుండ్ల కోసం వచ్చిందే, కానీ అది గర్భసంచిని ముడుచుకునేలా చేసి గర్భం పోగొడుతుంది. కొన్ని నొప్పి మాత్రల్లో కూడా దాన్ని కలిపి అమ్ముతారు. ఆ అమ్మాయి కడుపుతో ఉందని షాపులో చెప్పకుండా, డాక్టర్ చీటీ లేకుండా ఏదీ కొనకండి.

మందు లేకుండా నిజంగా పనికొచ్చేవి ఆ మెసేజ్‌లో లేవు, బహుశా అవి చిట్కాల్లా అనిపించవు కాబట్టి. మూడుపూటలా కంచం నిండా తినే బదులు అయిదారు సార్లు కొంచెం కొంచెంగా తినడం. ఇద్దరి కోసం తినాలని అత్తగారు ఇంకో గరిటె వేస్తుంటే "వద్దత్తయ్యా, గంటాగి తింటా" అనడం. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, రెండు మూడు గంటల తర్వాతే పడుకోవడం. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అర అడుగు ఎత్తు చేయడం. దిండ్లు పేర్చుకుంటే నడుం వంగి కడుపు ఇంకా నొక్కుకుంటుంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం. లంగా బొందు బిగించి కట్టకపోవడం. పులుసు, వేపుళ్లు, పచ్చళ్లు, టీ, కాఫీల్లో ఏది తిన్న రోజు మంట ఎక్కువవుతోందో గమనించి దాన్ని తగ్గించడం. అన్నీ ఒకేసారి మానేసి ఉత్త పెరుగన్నం మీద ఉండక్కర్లేదు.

ఇప్పుడు చివరి మాట, ఎంత మంట వచ్చినా భయపడొద్దన్నది. అయిదో నెల దాటాక పక్కటెముకల కింద, పొట్ట పైభాగంలో, ముఖ్యంగా కుడివైపు వచ్చే నొప్పి గ్యాస్ కాకపోవచ్చు. గుర్రపువాతానికి (ఫిట్స్‌కు) దారితీసే బీపీ జబ్బు, ప్రీ ఎక్లాంప్సియా, కాలేయాన్ని తాకినప్పుడు నొప్పి అక్కడే వస్తుంది, అచ్చం గుండెల్లో మంటలాగే అనిపిస్తుంది. యాంటాసిడ్ వేసినా, తేన్పు వచ్చినా తగ్గదు. దాంతో పాటు తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, ఉన్నట్టుండి మొహం, చేతులు వాయడం, వాంతులు, ఆయాసం, వీటిలో ఏది ఉన్నా సోడా కలుపుకుంటూ కూర్చోకూడదు. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే అది ప్రమాద సూచనే. బీపీ మరీ పెరగకుండా కూడా కొందరిలో ఈ జబ్బు ముదురుతుంది, అందుకే మూత్రంలో ప్రొటీన్ పరీక్ష, రక్త పరీక్ష రెండూ అడగండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధాన మంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్ ఉచితంగా చూస్తారు, మంట గురించి అక్కడ తప్పకుండా చెప్పండి. కానీ పైన రాసిన లక్షణాలుంటే 9వ తేదీ కోసం ఆగొద్దు, అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి.

కాన్పుతో పోతుందన్నది కూడా సగమే నిజం. మామూలు మంట పోతుంది. ప్రీ ఎక్లాంప్సియా ప్రసవం తర్వాత ఆరు వారాల దాకా కూడా రావచ్చు, గర్భంతో ఉన్నప్పుడు బీపీ బాగానే ఉన్నవాళ్లకు సైతం. పురుడు పోసుకుని పుట్టింట్లో ఉన్న అమ్మాయి పొట్ట పైభాగం మండుతోందనో, తల పగిలిపోతోందనో అంటే పథ్యం తేడా చేసిందని, కారప్పొడి పడలేదని అనుకోకుండా ముందు బీపీ చూపించండి.