షూరిటీకి పనికిరాని సంగీతం

అమలాపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న 41 ఏళ్ల పెద్దమనిషి ఏసీబీ వలలో పడకుండా, సస్పెండు కాకుండా, తనంత తానే రాజీనామా చేసి, రాజమహేంద్రవరంలో గది అద్దెకు తీసుకుని, సంగీత పాఠశాలలో గాత్రం నేర్చుకోవడానికి చేరాడు. సర్టిఫికెట్‌కు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమాకు రెండేళ్లు. పదేళ్ల పిల్లల పక్కన చాప మీద కూర్చుని ఆయన మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు పాడుతున్నాడన్న వార్త బంధువర్గాన్ని ఎంత కలచివేసిందో ఈ వ్యాసకర్తకు స్వయంగా తెలుసు.

ఉద్యోగం తన సొంత విషయమని ఆయన అపోహపడినట్టున్నాడు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి, నీరు ముందు ఎవరి పొలం గట్టున పారినా శివారు ఆయకట్టు దాకా అందాలన్నది ఈ డెల్టా ధర్మం. (నిజంగా అందుతుందా అన్నది వేరే వ్యాసం.) నెల జీతమూ అంతే. ఆయన శాలరీ సర్టిఫికెట్ మీద బావమరిది చిట్టీ పాడుకున్నాడు, తోడల్లుడు ఇంటికి స్లాబు వేయించాడు, మేనల్లుడు చదువుకు అప్పు తెచ్చుకున్నాడు, వరసకు ఏమవుతాడో ఎవరికీ స్పష్టంగా తెలియని ఒకాయన ట్రాక్టరు కొన్నాడు. పెళ్లిచూపుల్లో ‘మా పెదనాన్నగారబ్బాయి గవర్నమెంటు’ అని చెప్పుకుని గట్టెక్కిన సంబంధాలు వీటికి అదనం. ఇంతమంది ఆధారపడిన సంతకాన్ని ఒక్క మనిషి, కేవలం తనకు ఇష్టమైన పని చేయాలన్న స్వార్థంతో, రద్దు చేసుకోవడం ఏ న్యాయం? మోహన రాగం ఎంత బాగా పాడినా బ్యాంకు మేనేజరు దాన్ని షూరిటీగా తీసుకోడు.

అందరికన్నా ఎక్కువగా దుఃఖించినవారు ఆయన మేనమామగారు. ‘బంగారంలాంటి పింఛను పోయిందిరా’ అని ఆయన వారం రోజులు అన్నం సరిగా తినలేదు. 2004 సెప్టెంబరు 1 తర్వాత రాష్ట్ర ప్రభుత్వ కొలువులో చేరినవారికి పాత పింఛను లేదనీ, మేనల్లుడు ఆ తర్వాత చేరినవాడేననీ ఎవరో చెప్పబోతే, లేని పింఛను అయినా సరే పోగొట్టుకోవడం తప్పేనని ఆయన తేల్చారు. ఈ వాదానికి జవాబు నాకు కూడా తోచలేదు.

మన సమాజం సంకుచితమైనదని ఎవరూ అనుకోకూడదు. ఉద్యోగం మానడానికి గౌరవప్రదమైన కారణాలను అది ఏనాడూ కాదనలేదు. భీమవరం వైపు ఎంతోమంది ఉద్యోగాలకు దండం పెట్టి రొయ్యల చెరువులు తవ్వారు. తెల్లమచ్చ వైరస్ తగిలి నాలుగు రోజుల్లో చెరువంతా తుడిచిపెట్టుకుపోయినా, ‘వ్యాపారమన్నాక ఒడుదొడుకులుంటాయి, దమ్మున్నవాడు’ అని చెప్పుకున్నామే తప్ప పిచ్చివాడని అనలేదు. స్థలాల వ్యాపారానికీ, సర్పంచి పోటీకీ కూడా ఇదే మినహాయింపు వర్తిస్తుంది. పొలం అమ్మి ఓడిపోవడంలో ఒక హుందాతనం ఉంది. సొంత డబ్బుతో శ్రుతిపెట్టె కొనుక్కోవడంలో అది లేదు.

సంగీతం పట్ల మనకున్న భక్తినీ శంకించనక్కరలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో మా కోనసీమలోని శంకరగుప్తంలోనే పుట్టారని వచ్చిన చుట్టానికల్లా చెబుతాం. అయితే ఆ మహానుభావుడు పాటించిన జాగ్రత్తను గమనించాలి: ఎనిమిదో ఏటనే విజయవాడలో త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేశారు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇంక్రిమెంటు ఉండదు, పీఎఫ్ ఉండదు, తోడల్లుడు అసలే ఉండడు. కళలో ప్రవేశించడానికి సరైన పద్ధతి అది.

ఇక తంజావూరు రాజు పంపిన కానుకలను త్యాగరాజస్వామి కాదన్న ఘట్టం హరికథలో వచ్చినప్పుడు కళ్లొత్తుకోనివారు మనలో ఉండరు. ఆ కన్నీటికి ఒకటే షరతు, ఆ ఇంటికి మన పిల్లను ఇచ్చి ఉండకూడదు. నా మటుకు నాకు ఆ కథలో సానుభూతి త్యాగరాజస్వామి అన్నగారి మీదే. కోపం పట్టలేక పూజా విగ్రహాలను కావేరిలో పారవేశాడని ఆయన్ను తిట్టిపోస్తారు గానీ, తమ్ముడి నిర్ణయంతో ఆ అన్నగారికి ఎక్కడెక్కడ షూరిటీలు ఆగిపోయాయో ఏ హరిదాసూ చెప్పడు.

పొరుగువారి బాధ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ధనుర్మాసమంతా తెల్లవారుజామున మైకునూ, వినాయక చవితికి తొమ్మిది రాత్రుల డీజేనూ ఆనందంగా భరించే వీధి, తెల్లవారుజామున ఒక్క మనిషి తలుపులు వేసుకుని మంద్రస్థాయిలో చేసే సాధనకు నిద్ర పట్టడం లేదని ఇంటి యజమానికి ఫిర్యాదు చేసింది.

ఇంత జరిగినా ఆయన్ను కలుపుకుపోవాలనే బంధువులం నిర్ణయించాం. రెండో ఏడు నడుస్తుండగా తోడల్లుడి గృహప్రవేశం వచ్చింది. సన్నాయి మేళానికి బయానా ఇచ్చాం, వీడియోవాళ్లకు సగం ముందే చెల్లించాం, ఈయనకైతే ఇంట్లోవాడు కనుక డబ్బు ప్రసక్తి తెచ్చి నొప్పించకుండా, శాలువా కప్పుతామని, ఒక అరగంట పాడమని అడిగాం. సరళీ వరుసలు, అలంకారాలు దాటి ఇప్పుడే గీతాలనే తొలి చిన్న పాటలు మొదలుపెట్టానని, నలుగురిలో కూర్చుని పాడేటంత విద్య ఇంకా రాలేదని ఆయన చెప్పాడు. ఉద్యోగం మానేసి ఏడాది దాటినవాడు ఆ మాట అనడం విని తోడల్లుడు నిర్ఘాంతపోయాడు. పోనీ ఒక సినిమా పాటైనా ఫర్వాలేదని నేను సర్దిచెప్పాను. అది కూడా సాధన చేయకుండా పాడనన్నాడు.